చెరిసగం

టైలరమ్మకి ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. లేచింది. కిటికీ దాకా వెళ్ళింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆసుపత్రి గోడ గడియారంలో మీటింగుకి ఇంకా పది నిమిషాలుంది.

"కాస్త కుదురుగా ఉండు వదినా. నువ్విలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే అందరికీ అనుమానం వస్తుంది," పక్కనున్న కండక్టరమ్మ గొంతు తగ్గించి కసిరింది.

"ఇవాళ దొరికిపోతాం వదినా. నాకు తెలుస్తూనే ఉంది."

ఇద్దరిదీ ఒకటే జబ్బు, కీళ్ళవాతం. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే సొంత కీళ్ళ మీద పడి కొడుతుందట. ఏడాది కిందట పొద్దున్న లేచాక రెండు గంటల దాకా టైలరమ్మకి గుప్పిట ముడుచుకునేది కాదు. కాజాలు కుట్టడం ఎప్పుడో మానేసింది. కత్తెర కూడా పట్టలేకపోతే ఇక మిషను అమ్ముకోవడమే.

సరిగ్గా అప్పుడు దొరికింది పొడి డాక్టరమ్మ. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగితే ఒంట్లో ఈ కొట్లాట తగ్గుతుందేమో చూడాలని ఆవిడ పట్టుదల. ప్రోబయాటిక్, ప్రీబయాటిక్ కలిపిన పొడి తెచ్చింది. మొదటిది ఆ బ్యాక్టీరియా, రెండోది దాని మేత.

"అంటే గేదెల్నీ గడ్డినీ కలిపి ఇస్తున్నారన్నమాట," అంది టైలరమ్మ.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నవ్వి, అసలు మెలిక చెప్పింది. నలభైమంది రోగుల్లో ఇరవైమందికే అసలు పొడి. మిగతా ఇరవైమందికి ఉత్తుత్తి పొడి. రంగూ రుచీ ఒకటే. ఎవరికి ఏది వచ్చిందో ఆవిడకీ తెలియదు. ఆ జాబితా సీలు వేసి బీరువాలో ఉంది.

"రోజూ వేసుకునే మాత్రలు మాత్రం ఎవరూ మానకండి. ఈ పొడి పనిచేస్తుందో లేదో నాకూ తెలీదు. తెలుసుకోవడానికే మీ సాయం అడుగుతున్నా. ఏడాదిపాటు ఎవరి డబ్బా వాళ్ళే వాడాలి. సరేనా?"

అందరూ బుద్ధిగా తలూపారు.

టైలరమ్మ బుద్ధి మెట్లు దిగేదాకానే నిలిచింది. "ఉత్తుత్తిది నాకే వచ్చుంటుంది. నా మొహానికి అసలుది కూడానా!" అని ఏడ్చినంత పని చేసింది.

కండక్టరమ్మ వెంటనే తేల్చేసింది. "బస్సులో చిల్లర లేకపోతే నేనేం చేస్తాను? ఇద్దరికీ కలిపి ఒకటే నోటిస్తాను. దిగి పంచుకుంటారు. ఇదీ అంతే. చెరిసగం! సగం మందైనా ఇద్దరికీ దక్కుతుంది."

ప్రతినెలా మొదటి సోమవారం కొత్త డబ్బాలిచ్చేవారు. ఇద్దరూ వెనక మెట్ల కిందకి చేరేవారు. పాత పేపరు పరిచి, రెండు డబ్బాలూ గుమ్మరించి, క్యాంటీన్ చెంచాతో బాగా కలిపి మళ్ళీ నింపుకునేవారు. ఒట్టేసుకున్నారు కాబట్టి ఇంట్లో కూడా చెప్పలేదు.

వచ్చిన చిక్కల్లా క్యాంటీన్ అతనితోనే. "మొదటి సోమవారం వచ్చిందంటే చాలు, నా చెంచాలకి రెక్కలొస్తాయి!" అని గోల పెట్టేవాడు. టైలరమ్మ తమనే అంటున్నాడనుకునేది. చెంచా కడిగి, మూడోకంటికి తెలియకుండా పెట్టేసి వచ్చేది.

తోటివాళ్ళ మొహం చూడాలన్నా సిగ్గే. లెక్కల మాస్టారూ తాపీమేస్త్రీ డబ్బాలు తీసుకుని, పాత పేపరు చంకన పెట్టుకుని, కబుర్లాడుకుంటూ మేడ మీదకి పోయేవారు. వాళ్ళని చూసినప్పుడల్లా ఎంత నిశ్చింతగా ఉన్నారో అనుకునేది. దొంగబుద్ధి మా ఇద్దరికే పుట్టింది, ఛీ!

అయితేనేం, ఆర్నెల్లు తిరిగేసరికి గుప్పిట అరగంటకే ముడుచుకోసాగింది. కాజాలు మళ్ళీ మొదలుపెట్టింది. పొడి చలవో, మాత్రల చలవో ఎవరు చెప్పాలి? చెప్పాల్సిన రోజు ఇవాళే.

డాక్టరమ్మ లోపలికొచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"సీలు విప్పాం. అందరికీ కొద్దో గొప్పో నయంగానే ఉంది. కానీ అసలు పొడి వాడినవాళ్ళకీ, ఉత్తుత్తిది వాడినవాళ్ళకీ వెంట్రుకవాసి కూడా తేడా లేదు. అంటే ఆ నయం ఈ పొడి వల్ల కాదు. పనిచేయలేదనే రాయాలి. వచ్చేనెల నుంచి డబ్బాలు ఉండవు. నాలుగేళ్ళ కష్టం... సరే, పోనివ్వండి."

టైలరమ్మ తన వేళ్ళవంక చూసుకుంది. నిజంగానే పనిచేయలేదా? లేక తామిద్దరూ చేసిన పనికి లెక్క తప్పిందా? పొడి ఆగాక ఈ వేళ్ళు మళ్ళీ కొయ్యబారితే?

కండక్టరమ్మ చెయ్యి పట్టి లాగుతూనే ఉంది. టైలరమ్మ విదిలించుకుని లేచింది.

"డాక్టరమ్మా, తిట్టినా కొట్టినా సరే. మేమిద్దరం మీకు అన్యాయం చేశాం. డబ్బాలు కలిపేసి చెరిసగం తిన్నాం. ఏడాదంతా!"

హాలు గొల్లుమనాల్సింది. ఒక్కరూ తలెత్తలేదు. డాక్టరమ్మ నీరసంగా నవ్వింది.

"కూర్చోండమ్మా. నిజం చెప్పారు, అదే పదివేలు. నలభైమందిలో ఇద్దరు తప్పినంత మాత్రాన లెక్క తారుమారు కాదు. మిగతా ముప్పైఎనిమిదిమంది సరిగ్గానే వాడారుగా..."

ఆవిడ మాట పూర్తికాకముందే టైలరమ్మ వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. లెక్కల మాస్టారూ తాపీమేస్త్రీ, ఆ వెనక మరో ఇద్దరు, ఇంకో ఇద్దరు, అలా హాలంతా ఇద్దరిద్దరుగా తలలు వంచుకుని లేచి నిలబడింది.