గిటారు బోలు

కర్నూలులో కొన్న పికప్పుల పొట్లంతో, అంటే తీగెల కింద బిగించే అయస్కాంతాలతో, పాన్‌గల్ చేరిన మౌనేష్, కొట్టంలో తాను చేస్తున్న ఎలక్ట్రిక్ గిటారును తిరగేసి కొయ్యబారిపోయాడు. మూడు నెలలుగా చెక్కుతున్న టేకు దిమ్మను వెనకవైపు ఎవరో పూర్తిగా తొలిచేశారు. పక్కనే తండ్రి వీరాచారి ఉలి నూరుతున్నాడు.

“నిన్నెవరు ముట్టమన్నరు?”

“బోలు లేకుంటే కట్టె మోగదు. నలభై ఏండ్ల సంది భజనోళ్లకు తంబురలు జేస్తున్న, నాకు తెల్వదా? ఎల్లుండి కాలేజీల వాయిస్తే నవ్వులపాలైతవని తొలిచిన.”

“ఇది తంబుర గాదు. తీగె కదిలితే అయస్కాంతం పట్టుకుంటది, కరెంటుతోటి మోగుతది. దీనికి బోలు లేని గట్టి కట్టెనే గావాలె. అంత పాడుజేసినవ్.”

“ఆ ముక్క ముందుగాల జెప్పొద్దా?”

“‘ఆ దయ్యపు కట్టెకు నా ఉలి తాకనియ్య’ అన్నోనికి ఏం జెప్పాలె?”

వీరాచారి మళ్లీ ఉలి నూరసాగాడు. ఇక పొయ్యిలో పెట్టడమే మేలనుకుని, మౌనేష్ బోలులో చేయి పెట్టి దిమ్మను లేపాడు. వేళ్లకు ఒక్క పేడైనా గుచ్చుకోలేదు. లోపలి గోడలు అద్దంలా నున్నగా ఉన్నాయి.

“వెనక మూత బిగిస్తే కనవడదు గద. లోపల గింత నునుపెందుకు?”

“కనవడదని గరుకుగ ఇడుస్తమా?”

పొయ్యి వైపు రెండడుగులు వేసిన మౌనేష్ ఆగిపోయాడు.

“మూత యాడుంది?” అని కసిరాడు.