మంచు పడేలోగా

"వయోమింగ్ వద్దు. అక్కడి గాలికి ఆవులే ఎగిరిపోతాయట," అన్నాడు గారెట్, మళ్లీ బీన్సు వడ్డించుకుంటూ.

విల్డా గరిటెను గిన్నెలోకి గట్టిగా దించింది. "పోయిన శనివారం మోంటానా వద్దన్నావు. అంతకుముందు అలాస్కా. నీకు నచ్చే చోటు దేవుడింకా చేసినట్టు లేడు నాయనా."

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. విల్డాకి నవ్వు రాలేదు.

స్వేచ్ఛావాదుల వలస సంఘం ఆ వేసవంతా ఆమె వంటింట్లోనే కూడుతోంది. పన్నులూ అనుమతులూ అతి తక్కువగా ఉన్న చోటు ఎంచుకుని, అందరూ కలిసి అక్కడికి తరలిపోయి, ఎవరి బతుకు వాళ్లు బతకాలని వాళ్ల ఆశయం. వంటిల్లు ఇచ్చింది విల్డానే. గోడకి పటం అంటించిందీ ఆమే. ఇల్లు కట్టడానికి ఎవరినీ అడగక్కర్లేని జిల్లా ఏదో, బడి పన్ను తక్కువున్న ఊరేదో ఫోన్లు చేసి కనుక్కున్నదీ ఆమే. న్యూ హాంప్‌షైర్ కొండల్లో ఇంకో నెలకల్లా మంచు మొదలవుతుంది. ఈలోగా తేలకపోతే వసంతం దాకా ఎవరూ కదలరు. ఇంకో చలికాలం ఇలాగే గడపడం ఆమె వల్ల కాదు.

పోయిన చలికాలమే ఆమె భర్త ఓరిన్ పోయాడు. గుండె పట్టుకుని కూలబడిన మనిషి తలను ఒళ్లో పెట్టుకుని ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. అంబులెన్సు ఎర్ర దీపం కొండ కింద మంచులో ఇరుక్కుని, అక్కడే గిరగిరా తిరుగుతోంది. మంచు తోసే బండి దండగ ఖర్చని, అంతకుముందు మార్చిలోనే ఊరి సభ చేతులెత్తి ఓటేసి దాన్ని అమ్మేసింది.

"అసలు ఇక్కడే ఉండిపోతే ఏమవుతుంది?" అన్నాడు డెస్మండ్ బద్ధకంగా.

"ఏమవుతుందా? వచ్చే మార్చి సభలో మళ్లీ బండి కొందామంటారట!" కొరీన్ బల్ల చరిచింది. "మళ్లీ పన్ను! నా దారిలో మంచు నేను తవ్వుకుంటాను. ఎవరి కోసమో నేనెందుకు కట్టాలి?"

రొట్టె కోస్తున్న విల్డా కత్తి ఒక్క క్షణం ఆగింది.

"అందుకే ఇడాహో చూడండి," అంది, పటం మీద వేలు పెట్టి. "ఈ సరిహద్దు జిల్లా. అనుమతుల గొడవ లేదు. నీళ్లున్నాయి. చలి కూడా ఇంత ఉండదు."

గారెట్ లేచి పటం దగ్గరకొచ్చాడు. గడ్డం నిమురుకున్నాడు. "బాగానే ఉందే!"

కొరీన్ తలూపింది. డెస్మండ్ కూడా ఊపాడు. విల్డా కత్తి పక్కన పెట్టేసింది.

"అయితే చేతులెత్తండి మరి. ఇవాళే తేల్చేద్దాం."

"చేతులా?" గారెట్ వెనక్కి తిరిగాడు. "నలుగురు చేతులెత్తితే అయిదోవాడు మూటాముల్లే సర్దుకోవాలా? మనం వద్దనుకున్నది ఇదే కదండీ!"

"బండి అమ్మినప్పుడు ఎత్తారుగా?" అంది విల్డా.

"అది వేరండీ. అది పన్ను తగ్గించడానికి."

"పోనీ, చీటీలు వేద్దాం."

"చీటీ చెప్పినట్టు నేను బతకాలా?" అంది కొరీన్.

"వసంతంలో చూద్దాం లెండి," అన్నాడు డెస్మండ్. బరువు దిగినట్టు అందరూ కుర్చీలు వెనక్కి జరిపారు. పోతూ పోతూ మిగిలిన ఆపిల్ కేకు కూడా ఖాళీ చేశారు.

గారెట్ గుమ్మంలో టోపీ పెట్టుకుంటూ ఆగాడు. "మీ ఓపికకి దండం, విల్డా గారూ. మా అందరికన్నా మీకే తొందర. మీ సామాను ఎప్పుడో సర్దేసి ఉంటారు, కదూ?"

"నేనా?" విల్డా తలుపు పట్టుకుని నిలబడింది. "నేనెక్కడికి పోతాను నాయనా? నేను పుట్టింది ఈ ఇంట్లోనే."

పన్నెండేళ్ల కిందట, పన్నులు తక్కువని ఇలాగే పటం చూసి, వాళ్లంతా ఏరికోరి వలస వచ్చింది ఈ ఊరికే.