ఎంక్వైరీకి వచ్చిన మనిషి

బండి వచ్చి ఇంటి ముందు ఆగేసరికి విజయమ్మ అరుగు మీద కూర్చుని కొర్రలు చెరుగుతోంది.

దిగింది నడివయసు మనిషి. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి, ముఖం నిండా చెమట.

“ఇమ్మానుయేలు ఇల్లు ఇదేనా అమ్మా? పాలయ్య కొడుకు?”

చేట ఆగిపోయింది.

“ఎందుకప్పా?”

“ఏం లేదమ్మా. పిల్లోని గురించి చిన్న ఎంక్వైరీ.”

జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో ఆ మాటకు రెండే అర్థాలు. మనిషిని చంపాక వచ్చేది ఒక ఎంక్వైరీ, చంపకముందు వచ్చేది ఇంకో ఎంక్వైరీ. చంపాక వచ్చేవాళ్లు ఖాకీ బట్టల్లో వస్తారు.

ఈయన ఒంటి మీద ఖాకీ లేదు.

కిందటి ఎలక్షన్లలో విజయమ్మ మొగుడు పాలయ్య ఒక పార్టీ తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. ఆయన చేసిన నేరమంతా అదే. ఫలితాలు వచ్చిన కొన్నాళ్లకు ఇట్లాగే ఒకడు బండి మీద వచ్చి, పాలయ్య ఇల్లు ఏదమ్మా అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఇదేనప్పా, మనిషి చేన్లో ఉండాడు, పొద్దుగూకినాక ఆ గట్టు మీదనే వస్తాడు అని దారితో సహా చెప్పింది ఈ పిచ్చితల్లి. తాగడానికి నీళ్లు కూడా ఇచ్చింది.

ఆ గట్టు మీదే పాలయ్యను నరికేశారు.

నా నోటితో నేనే దారి చెప్పానే అని ఆమె కుమిలిపోని రోజు లేదు. అప్పటి నుంచి కొడుకును ఊళ్లో ఉండనివ్వలేదు. వాడు డిగ్రీ ముగించి, ప్రొద్దుటూరులో నూర్ అహ్మద్ నెట్ సెంటర్ పక్కనే గది తీసుకుని, కంప్యూటర్లో ఉద్యోగాలు వెతుక్కుంటున్నాడు. మొదట్లో ఒక దొంగ కంపెనీ రిజిస్ట్రేషన్ అంటూ విజయమ్మ చెవి కమ్మలు మింగేసి మాయమైంది. దుడ్లు అడిగేవాడు ఉద్యోగం ఇచ్చేవాడు కాదురా, ముందు ఆ కంపెనీ ఉందో లేదో కనుక్కో అని నూర్ అహ్మద్ వాణ్ణి తిట్టి తిట్టి నేర్పించాడు. అది విన్నాక ఇమ్మానుయేలు తల్లికి కూడా గట్టిగా చెప్పాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లు నా గురించి ఏమడిగినా చెప్పొద్దు మా, అని.

“ఎవురు పంపినారప్పా నిన్ను?”

“అది చెప్పకూడదమ్మా. పైవాళ్ల రూలు.”

సంచిలోంచి ఫోటో తీశాడు. ఇమ్మానుయేలు ఫోటో.

విజయమ్మ చేట పక్కన పెట్టింది.

పిల్లవాడు ఎన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాడు, గొడవలకు పోతాడా, కేసులేమైనా ఉన్నాయా అని వరసగా అడిగాడాయన. చివరికి తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

“నువ్వు వాళ్లమ్మవేనా?”

“కాదు. ఆ పేరుగలోడు ఈ ఇంట్లో ఎవురూ లేరు. నాకు కొడుకే లేడప్పా.”

ఆ మాట అంటూనే మళ్లీ చేట అందుకుని కొర్రలు చెరగసాగింది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు.

ఆయన వీధంతా తిరిగి అడిగాడు. పాలయ్యకు పిల్లలే పుట్టలేదంది పక్కింటి యల్లమ్మ. ఎదురింటివాళ్లు ఫోటో చూడకుండానే తెలియదన్నారు. ఓట్లప్పుడు ఏనాడూ లేని ఐకమత్యం ఆ పూట ఆ వీధికి ఎక్కడి నుంచి వచ్చిందో!

అయినా మనిషి పోలేదు. చర్చి మెట్ల మీద కాసేపు కూర్చుని మళ్లీ వచ్చాడు.

“ఇట్లనే రాసుకొని పోతే ఆ పిల్లోనికి శానా నష్టమమ్మా. ఇంకోసారి ఆలోచించి చెప్పు.”

విజయమ్మకు అది బెదిరింపుగానే వినబడింది. దానికి తోడు ఆయన సెల్‌ఫోన్ తీసి ఇంటి ఫోటో తీసుకున్నాడు. ఆమె కేక పెట్టింది.

పాలయ్యతో కలిసి పార్టీలో తిరిగిన గొర్రెల గంగులయ్య నలుగురితో పరుగున వచ్చాడు. ఫోన్ లాక్కుని బండకేసి కొట్టాడు. చెంప మీద రెండు వేశాడు.

“ఇంకోసారి ఈ ఊరి దిక్కు వస్తే కాళ్లుండవ్.”

ఆయన ఎదురు తిరగలేదు. పెదవి మీది నెత్తురు తుడుచుకున్నాడు.

“నేను మంచికే వచ్చినా అప్పా,” అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజు విజయమ్మ కంటినిండా నిద్రపోయింది. మొగుణ్ణి పోగొట్టుకున్న నోటితోనే కొడుకును కాపాడుకున్నాననుకుంది.

ఆదివారం ఇమ్మానుయేలు వచ్చాడు. వేడివేడి సంగటి పెట్టి, జరిగిందంతా పూసగుచ్చినట్లు చెప్పింది. ఆ మనిషి రూపు, ఫోటో, గంగులయ్య వేసిన దెబ్బలు, ఏదీ వదల్లేదు. కొడుకు మెచ్చుకుంటాడని చూసింది.

వాడి చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

“ఏమైంది నాయనా? సంగటి బాగలేదా?”

వాడు తల్లిని ఒక్క మాట అనలేదు. నిదానంగా చెప్పాడు. బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందట. నూర్ అహ్మద్ అన్ని విధాలా కనుక్కుని నిజమైన కంపెనీయేనన్నాడట, ఒక్క రూపాయి అడగలేదట. కమ్మలు పోయినప్పుడు తల్లి ఏడ్చిన ఏడుపు చూసినవాడు కాబట్టి, చేరేదాకా చెప్పకూడదనుకున్నాడట. నిన్న వాళ్లు ఫోన్ చేసి, నువ్విచ్చిన అడ్రస్సులో నీ పేరుగల మనిషే లేడట, అబద్ధాలు రాసేవాళ్లు మాకు వద్దు అన్నారట.

“నిన్నటి నుంచి అదే ఆలోచిస్తాండా మా. మన ఊర్లో నేను లేనని చెప్పేదెవురా అని.”

విజయమ్మ పళ్లెం వైపే చూస్తూ అడిగింది.

“మరి ఆ యప్ప ఎవురు నాయనా?”

“నేను ఈ ఇంటి బిడ్డనేనని నీ నోట విని రాసుకొని పోయేదానికి, నాకు ఉద్యోగమిచ్చినోళ్లు పంపిన మనిషి మా, ఆ యప్ప.”