రెండు బొడిపెల తేడా

ఆమె బజారు నుంచి వచ్చేసరికి భర్త వంటింట్లో గోడవారన బోర్లా పడుకుని ఉన్నాడు. చేతిలో కొలత టేపు.

"ఏమండీ, ఏం చేస్తున్నారక్కడ?"

అతను ఉలిక్కిపడ్డాడు. టేపు సర్రున చుట్టుకుపోయింది. "ఏం లేదోయ్. గరిటె కింద పడితేనూ..."

గరిటెలన్నీ గోడకే వేలాడుతున్నాయి.

పెళ్ళయి ఏడాది. ఇద్దరికీ రెండోదే. ఇల్లు ఆమెది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఈ మనిషి ఒక్క సూట్‌కేసు బట్టలతో, వ్యాను నిండా ప్లాస్టిక్ ఇటుకలతో కాపురానికి వచ్చాడు. పిల్లలు ఆడుకునే ఇటుకలే. ఒకదాని నెత్తిన బొడిపెలు, ఇంకోదాని అడుగున గుంటలు. నొక్కితే టక్కున పట్టుకుంటాయి. యాభై దాటిన మనిషి వాటిని రంగులవారీగా డబ్బాల్లో సర్దుకుని, సెలవొస్తే చాలు, ముందుగదిలో కూర్చుని ఓడలూ వంతెనలూ కట్టేవాడు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. ఉత్తకాళ్ళతో ఓ ఇటుకను తొక్కిన రోజు మాత్రం రాలేదు.

తాగడు, పేకాడడు, ఇటుకలే కదా, పోనీ అనుకుంది.

ఇప్పుడు పోనీ అనుకోవడం కుదరడం లేదు. కొన్నాళ్ళుగా ఆ గదికి లోపల గడియ పడుతోంది. ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తే ఫోనులో గొంతు తగ్గుతోంది. నిన్న తలుపు దగ్గర నిలబడి విన్నది: "కొలతలు ఇంకా కొన్ని మిగిలాయి. అప్పటిదాకా ఆవిడ చెవిన పడకూడదు."

ఇల్లు కొలిచేది ఎందుకు? అమ్మడానికి. ఇంకెందుకు? ఇల్లు తన పేరునే ఉన్నా, దొంగ సంతకం ఎంతసేపు?

ఆ ఆలోచన వచ్చాక ప్రతిదీ దానికే సాక్ష్యం చెప్పింది. గోడల వంక అతను చూసే చూపు, మెట్ల మీద జానలు వేయడం, అన్నంలో చెయ్యి పెట్టుకుని "ఈ ఇల్లు మొదట్నుంచీ ఇలాగే ఉందా?" అని అడగడం. అనుమానం గుమ్మం తొక్కేదాకానే చుట్టం, తర్వాత అదే ఇంటి యజమాని. కొంటామని వచ్చినవాళ్ళను ఆమె ఇన్నేళ్ళూ వీధి గేటు దగ్గరే తిప్పి పంపింది. గోడలకు రంగు కూడా తనే నిచ్చెనెక్కి వేసుకుంటుంది. ప్రాణం పోయినా ఈ ఇంటిని ఇంకొకరి చేతుల్లో పెట్టదు.

ఆడపడుచుకు ఫోను చేసింది.

"వదినా, మీ తమ్ముడు ఇల్లంతా కొలుస్తున్నారు. మీకేమైనా చెప్పారా?"

"వాడా! చిన్నప్పుడు మట్టిలో ఆడితే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. ఆ కసి ఇప్పుడు తీర్చుకుంటున్నాడు. ఆడుకోనీ తల్లీ, ఇంకో కొంపేదీ పెట్టలేదుగా!"

"నవ్వులాట కాదు వదినా. ఇల్లు అమ్మే ఆలోచన ఏమైనా ఉందేమోనని..."

"అమ్మడమా? వాడికి కూరగాయలు బేరమాడటమే రాదు!"

వదినగారి నవ్వు ఆమెకు అంటుకోలేదు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఒకటే మాట మీద ఉన్నారేమో అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ తలుపు దబదబా బాదింది.

"తియ్యండి! లేకపోతే బద్దలు కొడతాను."

గడియ తీసిన చప్పుడైంది. గదిలో బల్ల మీద ఏదో దుప్పటి కప్పుకుని ఉంది. ఆమె దాని వంక చూడనే లేదు.

"ఇల్లు ఎవరికి అమ్ముతున్నారు?"

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే దుప్పటి లాగేశాడు.

బల్ల మీద వాళ్ళ ఇల్లు. అదే పచ్చ గేటు, అదే విరిగిన మెట్టు. పైకప్పు మూతలా ఎత్తాడు. లోపల వంటింటి గట్టు ముందు బొటనవేలంత ఆడబొమ్మ, చేతిలో గరిటె.

"నీ పుట్టినరోజుకని కడుతున్నాను. ఫోనులో ఉన్నది నాలాంటి ఇటుకల పిచ్చోడే, గేటుకి పచ్చవి చాలక వాణ్ణి అడిగాను. అమ్మేస్తాననుకున్నావా, పిచ్చిదానా!"

ఆమె కుర్చీలో కూలబడింది. కళ్ళు తుడుచుకుంది. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

"నన్నింత లావుగా పెట్టారేం?"

"బొమ్మలన్నీ అదే లావు. అవి చేసినవాళ్ళనడుగు."

ఇద్దరూ నవ్వుకున్నారు. అతను బొమ్మ ఇంటి మీదికి వంగాడు.

"ఒక్కటే కుదరడం లేదోయ్. బయట నుంచి కొలిస్తే ఒకటి, లోపల గదులన్నీ కలిపితే ఒకటి. రెండు బొడిపెల తేడా, అంటే అసలింట్లో రెండడుగులు. వెంట్రుకవాసి తేడా వస్తే అద్దం పక్కన పడేసేవాణ్ణి, నా కొలత తప్పుతుందా? అందుకే మొన్న బోర్లా పడి మళ్ళీ కొలిచాను."

చూపుడువేలు పెట్టి చూపించాడు. వంటింటికీ సామాన్ల గదికీ మధ్య సన్నటి ఖాళీ. ఏ వైపు నుంచీ తలుపు లేదు.

"అసలు గోడ కూడా తట్టి చూశాను. డొల్ల మోత! నీ ఇంట్లో నీకే తెలియని చోటు, చూశావా? మేస్త్రీని రేపు రమ్మన్నాను. పగలగొట్టిస్తే నీకో మంచి బీరువా పడుతుంది."

ఆమె నవ్వు మొహం మీదే ఉండిపోయింది.

తనను వదిలేసి ఎటో పారిపోయాడని అందరినీ నమ్మించిన మొదటి భర్తను లోపల ఉంచి, ఒంటిచేత్తో ఇటుక మీద ఇటుక పేర్చి ఆ గోడ లేపిన రోజున, బొమ్మ ఇటుకలతో ఇల్లు కొలిచే మొగుడొకడు వస్తాడని ఆమె కలలోనైనా అనుకోలేదు.