మసకలో గొల్లభామ

"కుక్క మంచిగనే కనవడుతుంది. నా చీరెనే కనవడ్తలేదు!" సిద్ధయ్య లాప్‌టాప్ ముందు వంగి అరిచాడు.

నిజమే. గేములో వీధి స్పష్టంగా ఉంది. కుక్క ఉంది, దాని మెడలో పట్టీ కూడా ఉంది. నడివీధిలో నిలబడ్డ బొమ్మపిల్ల మాత్రం మెడ దాకానే మనిషి. కిందంతా తడిచేత్తో ముగ్గు తుడిచినట్టు మసక.

ఆ మసకలో ఉన్నది సిద్ధయ్య తన మగ్గం మీద, అంచున గొల్లపడుచుల బొమ్మలతో నేసిన గొల్లభామ చీర. కూతురు సింధూజ దాన్ని ఫొటో తీసి, కంప్యూటర్‌లోనే కుచ్చిళ్ళు పోసి, గేములోని బొమ్మకు ఉన్న గౌను తీసేసి చుట్టింది. గేము చేసినవాళ్ళు ఇవ్వనిదాన్ని మనం ఇలా చేరిస్తే మాడ్ అంటారట. హైదరాబాద్ కంపెనీ ఒకటి పోటీ పెట్టింది. గెలిచిన బట్ట ఎప్పటికీ గేములో ఉంటుంది, నేసినవాళ్ళ పేరుతో సహా. సాయంత్రం ఆరు లోపు బొమ్మ ఫొటో పంపాలి. ఇంక అరగంటే ఉంది.

"సెట్టింగుల్ల బ్లర్ బంద్ చేసినవా బిడ్డా?"

మసకను బ్లర్ అంటారని సిద్ధయ్య మధ్యాహ్నమే నేర్చుకున్నాడు. అప్పటి నుంచి అన్నం ముందు కూడా అదే మాట.

"ఎప్పుడో చేసిన నాయినా. అయినా పోతలేదు."

"దగ్గరికి తీస్కపో."

తీసుకుపోయింది. మసక పెద్దదైంది.

సిద్ధయ్య భుజం మీది తువ్వాలతో తెర తుడిచాడు. తెర మెరిసింది. మసక ఇంకా బాగా కనిపించింది.

సింధూజ అంతకుముందు చేర్చిన మాడ్‌లన్నీ ఒక్కొక్కటే తీసేసింది. పూలకుండీలు పోయాయి, కొత్త అరుగు పోయింది, కుక్క కూడా పోయింది. మసక పోలేదు.

"చాయ్ చల్లారుతుంది," వంటింట్లోంచి సిద్ధయ్య భార్య కొండవ్వ కేకేసింది.

"ఈడ నా పేరు మునుగుతుంటే నీకు చాయ్ గావాల్నా?"

"పేరు మునిగినోళ్ళు చాయ్ తాగొద్దని ఉన్నదా?"

సిద్ధయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "షాపుల వెడితే షాపోని పేరే ఉంటది. గీడనన్న నా పేరు వస్తదనుకుంటి," అన్నాడు మెల్లగా.

సింధూజ ఫోన్ చేతిలోకి తీసుకుంది. "ఆగు నాయినా. గ్రూపుల అడిగిన. గీ గేము మంచిగ తెలిసినాయన ఉంటడు, చెప్తడు."

ఫోన్ టింగుమంది. సింధూజ చదివింది. "ఈ గేములో బొమ్మ ఒంటి మీద బట్టలు లేకపోతేనే మసక వస్తుంది. స్నానం చేసేటప్పుడు మర్యాద కోసం పెట్టారు. మీ బొమ్మకు బట్టలున్నాయా?"

సిద్ధయ్య దిగ్గున లేచాడు. "బట్టల్లేవా! నిండు చీరె చుట్టి నిలవెట్టినం గదనే! రాయి బిడ్డా, సిద్దిపేట గొల్లభామ కట్టిందని రాయి! అంచు కూడ పంపు, కండ్లు తెరిచి చూస్కొమ్మను!"

రాసింది. అంచు ఫొటో పంపింది. జవాబు వెంటనే వచ్చింది.

"ఏమంటుండు?"

"చీరె చాలా బాగుంది అంటుండు నాయినా. బట్టలు మాత్రం లేవంటుండు."

తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ మసక వైపు చూస్తూ కూర్చున్నారు. చేసేదేమీ కనిపించలేదు.

ఇక లాభం లేదని కొండవ్వే చాయ్ గ్లాసులు పట్టుకొని వచ్చింది. గ్లాసులు పక్కన పెట్టి, మొదటిసారి తెర వైపు వంగి, బొమ్మను పైనుంచి కింది దాకా చూసింది.

"చీరె చుట్టిన్రు, సరే," అంది. "లోపల లంగ, జాకెట్ ఎవరు తొడగాలె?"