ఈత వచ్చునా?

వరద వాలంటీర్ల ఫారంలో ‘ఈత వచ్చునా?’ అన్నచోట టిక్ పెట్టేశాను. నాకు రాదు. రాదంటే తీసుకోరని భయం. ఇప్పుడు అది బయటపడితే స్కూల్ వాట్సాప్ గ్రూపంతా నవ్వుతుంది.

ట్రైనింగ్ ఇచ్చేది మా నరసాపురం సంపూర్ణమ్మగారు. రెండు వరదల్లో పదకొండు మందిని ఒడ్డుకు చేర్చిన మనిషి.

మునిగిపోతున్నవాడిగా నటించడానికి ఆవిడ అసిస్టెంట్ బంగార్రాజు లైఫ్ జాకెట్ వేసుకుని కాలవలో దిగాడు. విజిల్ వినగానే మా బ్యాచ్‌లో నా ముందున్న నలుగురూ ఒకరి తర్వాత ఒకరు దూకి అతన్ని లాక్కొచ్చారు. ఒడ్డున ఒకటే చప్పట్లు.

ఐదో పేరు నాది. పక్కనే సంపూర్ణమ్మగారి విజిల్ మోగింది. దూకలేదు, చేతికందినదేదో ఒక్క క్షణం గట్టిగా పట్టుకున్నాను. పక్కనున్న, తాడు కట్టిన ఖాళీ నూనె డబ్బాను నీళ్ళలోకి విసిరేశాను. బంగార్రాజు పట్టుకున్నాడు. లాగాను.

“ఏమ్మా, జడ తడిసిపోద్దనా?” అన్నాడు ఒడ్డెక్కుతూ.

సంపూర్ణమ్మగారు మిగతా నలుగురి వైపు తిరిగారు.

“మీరు నలుగురూ చచ్చిపోయారు నాయనా. మునిగేవాడు మెడ పట్టేసుకుంటాడు, దూకొద్దని పొద్దుటి నుంచీ మొత్తుకుంటన్నానా? ఈ పిల్లొక్కతే నా మాట వింది.”

అందరూ వెళ్ళాక దగ్గరకెళ్ళాను.

“సారీ ఆంటీ, వినడం కాదండి. నాకసలు ఈత రాదండి.”

“తెలుసులేవే. విజిల్ కొట్టగానే నా కొంగు పట్టేసుకున్నావుగా.”

ఆవిడ చుట్టూ చూసి, నా చెవి దగ్గరకు వంగారు.

“నాకు మాత్రం వచ్చేంటే? ఆ పదకొండు మందిలో ఎవరినైనా అడుగు, నా చీర తడవగా చూశారేమో!”