నిచ్చెనకు సున్నా

“నిచ్చెన సంగతే మర్చిపోయానండీ!”

ఆమె అరుపుకి, టీ తెస్తున్న భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. పట్టపగలే కిటికీలు మూసిన ఆ గదిలో కంప్యూటర్ వెలుగొక్కటే ఉంది. అందులో కాలనీ ఈతకొలను బొమ్మ ఏమీ ఎరగనట్టు నీలంగా మెరుస్తోంది.

నీళ్ళలోని దీపం నుంచి కరెంటు లీకైతే అది ఎటు పారుతుందో లెక్కకట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. నీటికున్న ప్రతి అంచు దగ్గరా కరెంటు దాటుతుందో, ఆగుతుందో మనమే చెప్పాలి. చెప్పకుండా వదిలేస్తే అక్కడ ఆగిపోతుందనే అనుకుంటుంది ఆ మహాతల్లి సాఫ్ట్‌వేర్. మాటవరసకైనా అడగదు.

“ఇనప నిచ్చెన నేలలోకి దిగి ఉంది. దానికి సున్నా వోల్టులివ్వాలి, అంటే కరెంటు అటు దాటుతుందని చెప్పాలి. నేనేమీ ఇవ్వలేదు. ఇవ్వకుండానే భయం లేదని సంతకం పెట్టేశాను!”

“కంగారుపడకు. ఇప్పుడివ్వు.”

ఇచ్చింది. దీపం నుంచి నిచ్చెన దాకా నీళ్ళలో ఎర్రటి చార పాకింది.

“పిచ్చుక ఆ నిచ్చెన పట్టుకునే దిగుతుంది. అడుగు మెట్టు మీద కూర్చుని కాళ్ళాడిస్తుంది. ఫోన్ చేసి కొలను మూయించండి! మన పిల్ల కదండీ!”

ఆయన ఫోన్ చెవికి ఆనించాడు. “కొలను తెరవకండి. పిల్లల్నెవర్నీ దిగనివ్వకండి. లెక్కలో తప్పు మా ఆవిడ పట్టుకుంది,” అన్నాడు గుక్కతిప్పుకోకుండా.

“ఏమన్నారు?”

“సరేనన్నారు.”

ఆమె గుండెల మీద కుంపటి దిగింది. “ఈత లేదంటే అది ఇల్లు పీకి పందిరేస్తుంది.”

“వేయనీ,” అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

టీ సగం తాగేసరికే ఆమె కుర్చీలో నిద్రలోకి జారుకుంది. ముఖం తేటపడింది. అలా నిశ్చింతగా ఉన్నప్పుడు ఆమెను చూస్తే ఆయనకు ప్రాణం లేచొస్తుంది.

ఆమె గురక వినబడేదాకా ఆగి, దొంగలా కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. నిచ్చెనకిచ్చిన సున్నాను తుడిచేసి లెక్క మళ్ళీ నడిపించాడు. ఎర్ర చార మాయమై కొలను ఎప్పటిలా నీలంగా మారింది. అలాగే భద్రపరిచాడు. రేపు ఇదేమీ గుర్తులేక ఆమె మళ్ళీ ఆ తప్పు కనిపెట్టాలి, తను మళ్ళీ ఫోన్ చేయాలి.

పిచ్చుక చనిపోయిన వారంలోనే ఆ కొలనును మట్టితో పూడ్చేశారు.